పంటికి పొన్ను

మా ఆయనకి కుడివైపు కింది దవడలో ఒక పన్ను ఉంది. ఆ పన్ను సంగతి తెలియని రైతు మా చుట్టుపక్కల ఊళ్లలో లేడు. మొగుడి పంటి గురించి పది మంది గొప్పగా చెప్పుకునే భాగ్యం ఎంతమంది ఆడవాళ్లకి దక్కుతుంది? నాకు దక్కింది. ఆ పంటికి పట్టిన గ్రహచారం కూడా నా నెత్తిమీదికే వచ్చిందనుకోండి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నేను ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. ఆయన వ్యవసాయం చూసుకుంటారు. చుట్టూ ఎటు చూసినా వరే. ఇప్పుడు కోతలన్నీ మిషన్లే కోసేస్తున్నాయి కాబట్టి ధాన్యం చేలోంచి పచ్చిగా, చెమ్మగా వచ్చి కుప్ప పడుతుంది. దాన్ని రోడ్డు పక్కన బరకాలు పరిచి ఎండబెట్టాలి. తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ పెడతారు. పోనీ అని మరీ ఎండబెడితే తూకం తగ్గుతుంది, మిల్లులో బియ్యం నూకైపోతుంది. కేంద్రంలో తేమ చూసే మిషనుంది, కాదనను. కానీ బస్తాలకెత్తి, ట్రాక్టరు మీద వేసుకుని అక్కడిదాకా వెళ్లాక మిషను తల అడ్డంగా ఊపితే, మళ్లీ దింపి మళ్లీ ఆరబోసేదెవరు? అందుకే ఎత్తే ముందు ఒక గింజ పంటికింద వేసి చూడటం మా వైపు రైతులందరికీ అలవాటు. కొరకడం అందరూ కొరుకుతారు. తెలియడం మాత్రం కొందరికే తెలుస్తుంది. మా ఆయనకి తెలుస్తుంది.

ఆయన పద్ధతిలో ఆర్భాటమేమీ ఉండదు. గింజని కుడివైపు పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు సగం మూసి, నెమ్మదిగా నొక్కుతారు. టప్పున విరిగిందా, అణిగి విరిగిందా, అణిగి ఊరుకుందా, అదీ లెక్క. కాసేపాగి "ఇంకో ఎండ తగలాలండి" అంటారు, లేదంటే "రేపు పొద్దెక్కాక ఎత్తించెయ్యండి" అంటారు. ఆయన చెప్పింది ప్రతిసారీ మిషనుతో సరిపోయిందని నేననను. తేడా వచ్చినప్పుడు మాత్రం మిషన్ని పల్లెత్తు మాట అనేవారు కాదు. "గింజ సరిగ్గానే చెప్పిందండి, నేనే ఆదరాబాదరాగా విన్నాను" అనేవారు. ఈ వినయం నాతో వాదనలప్పుడు ఎక్కడికి పోతుందో తెలియదు.

మాది క్రైస్తవ కుటుంబం. కోతల రోజుల్లో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఈయన చుట్టూ మగవాళ్లు మూగేవారు. చొక్కా జేబుల్లోంచి, జేబురుమాళ్ల ముడుల్లోంచి ధాన్యం బయటికొచ్చేది. హిందూ రైతులు కూడా సరిగ్గా ఆరాధన వదిలే వేళకి సైకిళ్ల మీద వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. ఆ గింజలన్నీ వరండాలో రాలి, పిచ్చుకలు చేరి, ఊడవలేక చర్చి కాపలాదారు సణుక్కునేవాడు. "మన వరండాలో పడ్డ గింజలు కానుకల పెట్టెలో పడితే ఈపాటికి పైకప్పు పని పూర్తయ్యేది" అని పాస్టరుగారు ప్రసంగంలోనే ఒక చురక వేశారు. ఇంట్లో నేను వండిన కూర చల్లారిపోయేది. "ఆ పన్నేదో వాళ్లకే ఇచ్చేసి మీరు భోజనానికి రండి" అని ఎన్నిసార్లు అన్నానో.

అలాంటి పన్ను పుచ్చింది.

ఆయన నాకు చెప్పలేదు. లవంగం బుగ్గన పెట్టుకుని తిరిగారు. నేను పట్టుకున్నది కొరమీను వల్ల. మా పుట్టింటివాళ్లది ఏలూరు అవతల కొల్లేటి ఊరు. మా అన్నయ్యకి చేపల చెరువులున్నాయి. ఆ చెరువుల్ని సర్కారువాళ్లు ఉంచుతారో కొట్టేస్తారో అని ఏడాదికోసారి గొడవ నడుస్తూనే ఉంటుంది. అన్నయ్య మాత్రం ఏ చింతా లేకుండా స్కూటరు మీద మాకు చేపలు తెచ్చిపెడుతుంటాడు. ఆ రోజు కొరమీను పులుసు పెట్టాను. మా ఆయన తలకాయ ముక్క పక్కకి నెట్టి, ఉత్త పులుసన్నం ఎడంవైపు నములుతున్నారు. కొరమీను తలకాయ వదిలేశాడంటే ఆ మనిషికి ఏదో అయిందని మా కొల్లేటి వాళ్లం డాక్టర్ని అడక్కుండానే చెప్పేస్తాం.

"బావగారూ, పన్నేనా?" అన్నాడు అన్నయ్య.

"ఆయ్. కొంచెం లాగుతోందండి" అన్నారు ఈయన.

అంతే, అన్నయ్య కంచం ముందే నోరు బార్లా తెరిచాడు. తను ఏలూరులో వేయించుకున్న పంటి తొడుగులు ఎడాపెడా తెల్లగా మెరుస్తున్నాయి. "జిర్కోనియా అమ్మాయ్! ఒక్కోటి పదిహేను వేలు. చెరువులుంటాయో ఊడతాయో గానీ నా పళ్లు మాత్రం ఊడవు" అన్నాడు. పదిహేను వేలని చెప్పుకోవడానికే అన్నయ్య వాటిని పెట్టించుకున్నాడని నా అనుమానం.

ఏలూరు దూరమని మేం మా తాడేపల్లిగూడెంలోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన అమ్మాయి, చిన్న వయసు, మాట మెత్తన. పుచ్చు నరం దాకా వెళ్లిపోయిందని చెప్పి రూట్ కెనాల్ చేసింది. కొన్నిసార్లు తిరిగాక నొప్పి మటుమాయమైంది. మా ఆయన కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, దణ్ణం పెట్టి బయల్దేరబోయారు.

"అయిపోలేదండీ, ఇంకా క్యాప్ వేసుకోవాలి. క్రౌన్ అంటాం" అంది డాక్టరమ్మ.

"నొప్పి పోయిందండి" అన్నారు ఈయన, అదేదో ఆమెకి శుభవార్త చెబుతున్నట్టు.

"నొప్పి పోతుందండీ, నరం తీసేశాను కదా. అసలు భయం ఇప్పుడే" అని ఒక ప్లాస్టిక్ దవడ చేతిలోకి తీసుకుంది. "పుచ్చిందంతా తీసేశాం. నరం దాకా వెళ్లడానికి పైన పెద్ద కన్నం పెట్టాం. ఇప్పుడు మీ పంటికి మిగిలినవి చుట్టూ గోడలేనండీ. మధ్యలో సిమెంటు నింపాను గానీ, మీరు గట్టివి నమిలినప్పుడల్లా ఆ గోడలు పక్కలకి విచ్చుకోవాలని చూస్తాయి. ఓ రోజు చీలిపోతుంది. నరం లేదు కాబట్టి ముందుగా నొప్పి పెట్టి చెప్పదు కూడా. అందుకని పన్ను చుట్టూ పట్టి ఉంచేలా పైనుంచి తొడుగు వెయ్యాలి."

"రోకలికి పొన్ను వేసినట్టా అమ్మా?" అన్నాను.

ఆ పిల్లకి పొన్ను తెలియదు. రోకలి ఎంత చేవ కర్రతో చేసినా, దంచే కొస చీలిపోకుండా చుట్టూ ఇనప కట్టు బిగిస్తారని, దాన్నే పొన్ను అంటారని చెప్పాను. "ఇకమీదట అందరికీ ఇదే చెప్తానండీ" అని తెగ సంబరపడింది. నాక్కూడా కాస్త గర్వంగానే అనిపించింది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

తర్వాత ఖరీదులు చెప్పింది. మొత్తం లోహంతో చేసిందైతే మూడు వేలలో అయిపోతుంది. చూడ్డానికి బాగోదు గానీ లోపలి పంటికి గట్టిగా పనిచేస్తుంది. లోపల లోహం, పైన పింగాణీ పూతా ఉన్నదైతే ఐదారు వేలు. పంటి రంగులో ఉంటుంది గానీ ఎప్పుడైనా పింగాణీ పెచ్చు లేచే అవకాశముంది. జిర్కోనియా పదివేల పైమాటే. రంగుకి రంగు, గట్టికి గట్టి. ఒక్క పంటికి ఇంత ఎందుకమ్మా అని నేను అడగకుండా ఉంటానా? ఆ తొడుగు కొట్లో సైజు చూసి కొనేది కాదుట. పన్ను చుట్టూ అరగదీసి, అచ్చు తీసి, విజయవాడ ల్యాబుకి పంపితే వాళ్లు ఆ ఒక్క మనిషి ఆ ఒక్క పంటికి సరిపడేలా చేసి పంపుతారు. అంచు దగ్గర వెంట్రుకవాసి సందున్నా తిండి చేరి లోపల మళ్లీ పుచ్చుతుందిట. చెవిపోగు బిగింపు సరిగ్గా కుదరాలన్నా కంసాలికి మజూరీ ఇస్తాం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మా ఆయన అంతా శ్రద్ధగా విని, "ఆలోచించుకుని వస్తామండి" అన్నారు.

మా డెల్టా ఊళ్లలో ఈ మాటకి అర్థం రామని. డాక్టరమ్మ మెట్టప్రాంతం పిల్ల కాబట్టి పాపం నిజమే అనుకుని, "తొందరగా రండి మరి" అంది.

బండి మీద ఇంటికొచ్చే దారంతా నేను ఊరుకోలేదు. "మూడు వేలకి వెనకాడతారా? ఎరువు బస్తాలకి పెట్టట్లేదా? మోటారు కాలిపోతే పెట్టలేదా?" ఆయన తల ఊపుతూ బండి నడిపారు. "కోతలయ్యాక చూద్దాంలే" అన్నారు ఊరి పొలిమేర దగ్గర. నా జీతంలోంచి ఇస్తానన్నాను. వద్దన్నారు. అక్కడే నాకు అర్థం కాలేదు. మా ఆయన పిసినారి కారు. ఎవరింట్లో ఆసుపత్రి ఖర్చొచ్చినా అడక్కుండానే జేబులో చెయ్యి పెడతారు. అలాంటి మనిషి సొంత పంటి దగ్గర ఎందుకు బిగుసుకుపోయారు?

ఊళ్లోవాళ్లు ఆయనకే వత్తాసు. "నొప్పి పోయిందిగా టీచరుగారూ, ఇంకెందుకండీ? డాక్టర్లు అలాగే చెబుతారు" అని రోజుకొకరు. లోపలి పంటికి సొగసెందుకని ఒకరు. పళ్లు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు, మా ఇంటికి రాళ్లు ఊరంతా మోసుకొచ్చింది. నేను కోపంతో రెండు పూటలు మాట్లాడటం మానేశాను. ఆయన గమనించలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని కూడా అన్నారు.

వానాకాలం పంట, సార్వా కోతలు మొదలయ్యాయి. ఆయన మామూలుగా అదే పంటితో గింజలు కొరుకుతూనే ఉన్నారు. పన్ను బాగానే ఉంది. నేనే అనవసరంగా గొడవపెట్టానేమో అని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా.

డిసెంబరులో ఒక ఆదివారం మబ్బు పట్టింది. వాన సూచన ఉందని పొద్దున్నే ఫోన్లలో మోగిపోయింది. మా ఊళ్లో ఒక కౌలు రైతు ఉన్నాడు, ఈ మధ్యే పెళ్లయినవాడు. పంటంతా రోడ్డు మీద ఆరబోసి ఉంది. ఇప్పుడే ఎత్తితే తేమ దాటుతుందేమోనని భయం, ఆగితే తడుస్తుందేమోనని భయం. ఆరాధన ఇంకా పూర్తికాకముందే వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఈయన బయటికి రాగానే గుప్పిట తెరిచాడు.

"బాబాయిగారూ, మీరు ఎత్తెయ్యమంటే ఎత్తేస్తానండి."

ఈయన గింజ పెట్టుకుని నొక్కారు. టక్కుమని పెద్ద చప్పుడైంది. నేను గేటు దగ్గరున్నాను, నాకే వినబడింది. "అబ్బో, పెళపెళ ఎండిపోయిందిగా!" అన్నారెవరో నవ్వుతూ. మా ఆయన నవ్వలేదు. చేత్తో నోరు మూసుకుని, వరండా చివరికెళ్లి అరచేతిలోకి ఉమ్ముకున్నారు. గింజతోపాటు పన్ను ముక్క, దాదాపు సగం.

తిరిగొచ్చి ఆ కుర్రాడితో, "నాకు తెలీట్లేదయ్యా ఇవాళ. సంచిలో కాస్త పోసుకుని కేంద్రానికి పట్టికెళ్లు, మిషను మీద చూపించుకో. ముందు బరకాలు కప్పి వెళ్లు" అన్నారు. తెలీట్లేదన్న మాట ఆ వరండాలో ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్రాడు బండి వేసుకుని పరిగెత్తాడు. వాన మాకు తప్పిపోయి కైకలూరు వైపు కురిసింది కాబట్టి ఆ ధాన్యం బతికింది.

చెప్పానా, చెప్పానా అని దులిపెయ్యాల్సిన సమయమది. మాటలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఆయన ఇంటికొచ్చాక కూడా ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నారు. నాకు కోపం కంటే ముందు భయమేసింది. అన్నం వడ్డించి పక్కన కూర్చున్నాను.

మర్నాడు నేను స్కూలుకి సెలవు పెట్టి ఆయన్ని గూడెం లాక్కెళ్లాను. డాక్టరమ్మ చూసి, ఎక్స్‌రే తీసి, అది వచ్చేదాకా ఏమీ చెప్పలేనంది. చీలిక చిగురు పైనే ఆగిపోతే పన్నుని నిలబెట్టొచ్చు, వేరు దాకా దిగితే మాత్రం తీసెయ్యడమేనంది.

అప్పుడు మా ఆయన, ఎన్నాళ్లనుంచో నోట్లో దాచుకున్న మాట అడిగారు.

"డాక్టరుగారూ, దానిమీద తొడుగు వేస్తే గింజ తెలుస్తుందాండి?"

"ఏం గింజండీ?"

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు వడ్ల గింజలు తీసి ఆమె బల్ల మీద పెట్టారు. కత్తెర్లూ పట్టకార్లూ ఉన్న ఆ తెల్లని బల్ల మీద అవి కనబడేసరికి నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. ఆయనే చెప్పుకొచ్చారు, తల వంచుకుని. నరం తీసేశారన్నాక ఇంటికెళ్లి మొదట చేసిన పని గింజ కొరకడమేనట. ఎప్పట్లాగే తెలిసిందట. అంటే తెలిసేది నరానికి కాదు, పంటికేనని అనుకున్నారట. అలాంటి పంటి మీద ఇనప తొడుగు వేస్తే, చేతికి మందపాటి తొడుగు వేసుకుని జాకెట్టు గుడ్డ నాణ్యం చూసినట్టవుతుందని వద్దనుకున్నారట. ఈ జాకెట్టు పోలిక నేను బట్టల కొట్లో ఎప్పుడో అన్న మాటే. నా మాటలు ఆయన చెవికెక్కుతాయని అప్పుడే తెలిసింది.

ఇన్నాళ్లూ నేను ఎరువు బస్తాల లెక్కలు చెప్పి సాధించాను. ఆయన భయం ఇదని ఒక్కసారి కూడా ఊహించలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ గౌరవం. "మీరు చూసింది నిజమేనండీ. కానీ తెలిసేది పంటికి కూడా కాదు" అంది. "వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది. ఏది గట్టిగా తగిలింది, ఏది మెత్తగా తగిలిందనేది ఆ పొర చెబుతుంది. నరం తీసినా ఆ పొర ఉంది. పైన క్రౌన్ వేసినా ఉంటుంది. కొత్తలో కొంచెం తేడాగా అనిపించొచ్చు, అలవాటవుతుంది. కానీ పన్ను వేరుతో సహా తీసేశామనుకోండి, దాంతోపాటు ఆ పొరా పోతుంది. తర్వాత ఇంప్లాంటు పెట్టించుకుని ఎంత ఖర్చుపెట్టినా అంత సున్నితంగా తెలియదు."

అంటే, ఏది పోతుందని భయపడి తొడుగు వద్దన్నారో, తొడుగు లేక సరిగ్గా దాన్నే పోగొట్టుకోబోతున్నారు. ఎక్స్‌రే వచ్చేదాకా మేమిద్దరం ఎదురు గోడ మీద పళ్లికిలిస్తున్న పాపాయి బొమ్మని చూస్తూ కూర్చున్నాం. నేను లోపల ప్రార్థన చేసుకున్నాను. పంటి కోసం ప్రార్థన చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

వేరు బాగానే ఉంది. చీలిక చిగురు అంచు దాకా వచ్చి ఆగింది.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టయింది ఖర్చు. వేరులో చిన్న ఊచ నిలబెట్టాలి, దానిమీద విరిగిన పన్ను మేర మళ్లీ కట్టాలి, ఆపైన క్రౌన్. మొదటే వేయించుకుని ఉంటే అయ్యే దానికి రెట్టింపు దాటింది. మా ఆయన కిక్కురుమనకుండా ఇచ్చారు. ఏ రకం వేయమంటారని అడిగితే, "వీటిలో గింజ బాగా తెలిసేది వెయ్యండి" అన్నారు. రకాన్ని బట్టి తేడా ఏమీ ఉండదని, పంటి మీద సరిగ్గా కూర్చోవడమే ముఖ్యమని ఆమె చెప్పింది. మిగిలిన పన్ను తక్కువ కాబట్టి లోహానిదైతే తక్కువ అరగదీస్తే సరిపోతుందంది. అదే వేయించుకున్నారు. ఈ సంగతి తెలిసి అన్నయ్య ఫోన్లో గగ్గోలు. "బావగారి నోట్లో ఇనపముక్కా! పరువు తీశారు. జిర్కోనియా నేను వేయిస్తాను కదమ్మాయ్!" మా ఇంటి పరువు అంత లోపలి పంటి దగ్గర లేదని చెప్పి పెట్టేశాను.

అచ్చు తీసేటప్పుడు నోటినిండా గులాబీరంగు ముద్ద పెట్టారు. డోకొస్తున్నా ఈయన మర్యాద తప్పలేదు. ఆ ముద్దతోనే ఏదో అనబోయారు. బయటికి తీశాక అడిగితే, "ఇబ్బంది పెడుతున్నాను, క్షమించండి అన్నానంతే" అన్నారు. ల్యాబు నుంచి వచ్చాక క్రౌన్ పెట్టి, నీలం కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట అరగదీసి, మళ్లీ కొరికించి, చివరికి అతికించారు. మా అన్నయ్య కొల్లేటి నుంచి పరామర్శకని మళ్లీ కొరమీను తెచ్చాడు. ఈయన తలకాయ ముక్క కుడివైపు వేసుకుని పిప్పి చేశారు. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. ఆయన అన్నీ ఆ వైపే నములుతున్నారు గానీ వడ్ల గింజ మాత్రం నోట్లో పెట్టట్లేదు. మిగిలిన కోతల రోజుల్లో ఎవరు గుప్పిట తెరిచినా, "కొత్త పన్నండి, ఇంకా కుదురుకోలేదు. మిషను దగ్గర చూపించుకోండి" అనేవారు. ఊళ్లో ఒకాయన తేమ చూసే చిన్న మిషను ఆన్‌లైన్లో తెప్పించాడు. జనం వరండాలో అటు చేరారు. ఈయన కూడా వెళ్లి చూసి, "భలే ఉందండి" అని మెచ్చుకుని, నాకంటే ముందే ఇంటికొచ్చేవారు. వేడివేడి కూర వేళకి తినేవారు. ఏళ్ల తరబడి నేను కోరుకున్నది ఇదే కదా! ఆ భోజనాలు చూస్తూ ఇప్పుడు నేనే కూర చల్లార్చుకునేదాన్ని.

ఏప్రిల్లో రెండో పంట, దాళ్వా కోశారు. మా ధాన్యం కూడా ఇంటి ముందు రోడ్డు మీద బరకాల మీద ఉంది. ఆ ఆదివారం చర్చిలో ఆ కౌలు కుర్రాడు మళ్లీ ఈయన ముందుకొచ్చి గుప్పిట తెరిచాడు.

"మిషను మీద చూపించుకో బాబూ."

"చూపించానండి. మీరూ ఒకసారి చెబితే ధైర్యంగా ఉంటుందండి."

అలా అడిగినవాణ్ణి కాదనడం ఈయన వల్ల కాదు. గింజ తీసుకుని పెట్టుకున్నారు. చుట్టూ మనుషులు ఆగారు. కళ్లు సగం మూశారు, నొక్కారు, కాసేపాగి, "రేపు సాయంత్రం ఎత్తించెయ్" అన్నారు. "మిషనూ ఇంచుమించు అదే అందండి!" అన్నాడు కుర్రాడు. అందరూ నవ్వుతూ ఈయన భుజం తట్టారు. పన్ను మళ్లీ వచ్చిందన్నారు. ఆయనా నవ్వారు.

నేను నవ్వలేదు. ఆయన కొరికింది ఎడంవైపు.

ఇంకెవరికీ ఆ తేడా తెలియదు. ఏళ్లుగా ఎదురుగా కూర్చుని అన్నం పెట్టినదాన్ని, నాకు తెలుస్తుంది. ఇంటి ముందుకి రాగానే బరకం మీంచి గుప్పెడు ధాన్యం తీసుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఏవండీ, కొరకండి. కుడివైపు."

"ఇప్పుడెందుకే, ఎండలో..."

"ఎడంవైపు కొరికి ఊరందరి ముందూ నెగ్గుకొచ్చేశారు. నేను చూడలేదనుకున్నారా?"

ఆయన అరుగు మీద కూలబడ్డారు. "తెలీకపోతే?" అన్నారు. "కొరకనంతకాలం తెలుస్తుందిలే అనుకోవచ్చు. కొరికాక తెలీలేదనుకో, ఇంకేం అనుకోను?"

అప్పటిదాకా తిట్టడానికని పోగుచేసుకున్నవన్నీ ఎక్కడికో పోయాయి. పక్కన కూర్చున్నాను. గుప్పిట్లోంచి ఒక గింజ తీసి నా నోట్లో వేసుకుని కొరికాను. ఊక నాలుకకి అంటుకుంది.

"పెళ్లయి మీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మీ చాటున నేనూ కొరుకుతూనే ఉన్నాను" అన్నాను. "ఏనాడూ ఒక్క ముక్క తెలీలేదు నాకు. తడిదీ ఒకటే, పొడిదీ ఒకటే. నేను బతకట్లేదా? మీ పక్కన ఉండనివ్వట్లేదా మీరు?"

ఆయన నావైపు తిరిగి చూశారు. "నువ్వు కొరికేదానివా?" అన్నారు. నవ్వొచ్చేసింది ఆయనకి. ఆ నవ్వులోనే నా చేతిలోంచి గింజ తీసుకుని కుడివైపు పెట్టుకున్నారు.

కళ్లు మూశారు. నేను ఆయన దవడనే చూస్తున్నాను. చిన్న చప్పుడైంది. ఇంకొకటి తీసుకున్నారు. అదీ కొరికారు. లేచి బరకం మధ్యకెళ్లి, వంగి, అడుగునుంచి ఒక గింజ తీసి కొరికారు.

"ఏవండీ..." అన్నాను.

ఉండమన్నట్టు చెయ్యెత్తారు. మళ్లీ అంచు దగ్గరికొచ్చి ఒకటి, మధ్యలో ఒకటి. ఎవరో పిలుస్తుంటే ఏ ఇంట్లోంచో పోల్చుకుంటున్న మనిషిలా ఆ ఎండలో తల ఒకవైపు వంచి నిలబడ్డారు. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆయన మాత్రం నావైపు చూడట్లేదు.

"అంచులు ఎండిపోయాయే" అన్నారు చివరికి. "మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంది. తిరగెయ్యాలి."

చెప్పులు విప్పి, పంచె పైకి కట్టి, కాళ్లతో ధాన్యంలో సాళ్లు తీస్తూ ముందుకి నడిచారు. నేను చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఆయన వెనకే ఇంకో సాలు పట్టాను. పొయ్యి మీద కూర ఆ రోజు కూడా చల్లారిపోయింది.